మూకీ సినిమా అరగంట కూడా చూడలేకపోయాను. లోపం నాలోనే ఉందా?

తొలిపొద్దు
శనివారం రాత్రి

ఏడాదిగా ఇక్కడ మీరందరూ రాసేవి చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. 1940ల, 50ల సినిమాలంటే నాకు ప్రాణం. డి సికా తీసిన ‘బైసికిల్ థీవ్స్’ మూడుసార్లు చూశాను. చివర్లో ఆ పిల్లాడు తండ్రి చెయ్యి పట్టుకునే చోట మూడుసార్లూ ఏడ్చాను. అలాంటి నేను మూకీల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతున్నాను.

నిన్న 1922 నాటి ‘నోస్ఫెరాటు’ పెట్టుకున్నాను. ఎంతో గొప్పదని అందరూ చెప్పగా విన్నదే. కానీ మనుషులందరూ ఎవరో తరుముతున్నట్టు గబగబా నడుస్తున్నారు. వెనక సంబంధం లేని పియానో మోగుతూనే ఉంది. ఇక ముందేముందో చూద్దామని కొంచెం జరిపితే, రాత్రి మాత్రమే తిరగాల్సిన ఆ పిశాచి చక్కటి ఎండలో శవపేటికను చంకలో పెట్టుకుని వీధిలో నడిచిపోతున్నాడు. భయం వెయ్యలేదు సరికదా, నవ్వొచ్చింది. అరగంట కూడా కాకుండానే ఆపేశాను. ఆపేశాక మాత్రం బాధేసింది. ఇంతమంది వందేళ్లుగా మెచ్చుకుంటున్నది నాకు అందడం లేదంటే లోపం నా చూపులోనే ఉందా? మీరు మొదట్లో ఎలా అలవాటు చేసుకున్నారు?

రీలుపెట్టె
శనివారం రాత్రి

తొలిపొద్దు గారూ, మీ చూపులో ఏ లోపమూ లేదండీ. మీరు చూసిన కాపీ మంచిది కాదు, అంతే. మీరు చెప్పిన మూడు ఇబ్బందులూ సినిమాలో లేనివే.

మొదటిది ఆ ఎండ. అప్పటి ఫిల్ముకు కాంతి చాలా కావాలి. రాత్రిపూట వీధిలో తీయడం దాదాపు కుదిరేది కాదు. అందుకని పగలే తీసి, ప్రింటును నీలిరంగులో ముంచేవాళ్లు. తెర మీద నీలం కనపడితే రాత్రి అని ప్రేక్షకులందరికీ తెలుసు. దీపాల వెలుగున్న గదికి పసుపు, మంటలకు ఎరుపు. మూకీలు నలుపు తెలుపు అని మనం అనుకుంటాం కానీ, వాటిలో చాలా భాగం ఇలా రంగులద్దినవే. తర్వాతి కాలంలో కాపీల మీద కాపీలు తీసేటప్పుడు ఖర్చు మిగుల్చుకోవడానికి రంగులు వదిలేశారు. మీకు కనపడిన పట్టపగలు అలా వచ్చింది. ఈ సినిమాకు అది చిన్న నష్టం కాదు. సూర్యకాంతి తగిలితే పిశాచి చచ్చిపోతుందన్న ఊహను తెర మీదికి తెచ్చింది ఈ సినిమానే. దీనికి మూలమైన ‘డ్రాక్యులా’ నవలలో అతను పగలు కూడా తిరగగలడు. కథంతా చీకటికీ తెల్లవారడానికీ మధ్య నడుస్తుంటే, మీ కాపీలో అసలు చీకటే లేదు. ఇక ముగింపు ఎలా అర్థమవుతుంది?

రెండోది వేగం. మూకీల కాలంలో కెమెరాను చేత్తో తిప్పేవాళ్లు. సెకనుకు 16 ఫ్రేములు కావచ్చు, 18, 20, 22 కూడా కావచ్చు. ఒకే సినిమాలో సీన్‌కూ సీన్‌కూ మారేది. టాకీలు వచ్చాక శబ్దం కోసం 24 దగ్గర స్థిరపడింది. 18 దగ్గర తీసినదాన్ని 24 దగ్గర నడిపితే మనుషులు పరుగెత్తక ఏం చేస్తారు? ‘నోస్ఫెరాటు’లో ఇంకో సంగతి కూడా ఉంది. అడవిలో గుర్రబ్బండి వచ్చే సీన్‌ను దర్శకుడు మూర్నౌ కావాలనే తక్కువ ఫ్రేములతో తీశాడు, ఈ లోకానిది కాని వేగంతో అది కదలాలని. మిగతా సినిమా అంతా మామూలు వేగంలో సాగితేనే ఆ బండి రాక ఒళ్లు జలదరింపజేస్తుంది. మీ కాపీలో అందరూ ఒకే పరుగు కాబట్టి ఆ తేడా పోయింది.

మూర్నౌ ఫౌండేషన్ వాళ్లు పునరుద్ధరించిన రంగుల ప్రతి ఉంది. ఫోన్‌లో కాకుండా దాన్ని కాస్త పెద్ద తెర మీద, గదిలో లైటు ఆర్పేసి చూడండి. మూడోది, సంగీతం. దాని గురించి చెప్పాల్సిన మనిషి ఇక్కడే ఉన్నారు.

లాంతరు
శనివారం రాత్రి

నేనూ మొదటిసారి అలాగే సగంలో ఆపేసినవాణ్ణే. అది ముప్పై ఏళ్ల కిందటి మాట. మీకు ఒక్క రాత్రిలోనే జవాబు దొరికింది, సంతోషం.

ఎనభైఎనిమిది_మెట్లు
ఆదివారం ఉదయం

రీలుపెట్టె అన్నా, పిలిచావు కాబట్టి వచ్చేశాను.

మూకీ సినిమా ఏ రోజూ నిశ్శబ్దంగా ఆడలేదు. చిన్న హాల్లో ఒక పియానో, పెద్ద హాల్లో ఆర్గాన్, నగరాల్లోని పెద్ద థియేటర్లలో పూర్తి ఆర్కెస్ట్రా ఉండేది. ఏ సీన్‌కు ఎలాంటి బాణీ వాయించాలో రాసిన కాగితాలు సినిమాతో పాటే వచ్చేవి. కొన్నింటికైతే ప్రత్యేకంగా సంగీతం రాయించారు. ‘బ్యాటిల్‌షిప్ పోటెమ్‌కిన్’ 1926లో బెర్లిన్‌లో ఆడినప్పుడు ఎడ్మండ్ మైజెల్ ఇచ్చిన సంగీతం గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. ‘నోస్ఫెరాటు’కు హాన్స్ ఎర్డ్‌మన్ రాశాడు. టాకీలు వచ్చాక ఈ థియేటర్ వాద్యకారులు వేల సంఖ్యలో పని పోగొట్టుకున్నారు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

నేను కొన్నేళ్లుగా మిత్రుల ముందు మూకీలు వేసి కీబోర్డు వాయిస్తున్నాను. మొదట్లో నేను చేసిన తప్పు ఇక్కడ చెప్పాలి. తెర మీద జరిగే ప్రతిదాన్నీ వేళ్లతో అనుకరించేవాణ్ణి. తలుపు పడితే దబ్, గుర్రం వస్తే టకటక. ఒకరోజు బస్టర్ కీటన్ ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’ వేశాం. తుఫానులో ఇంటి ముందు గోడ మొత్తం అతని మీద పడిపోతుంది. పైఅంతస్తు కిటికీ ఖాళీ సరిగ్గా అతను నిలబడ్డ చోటుకు వస్తుంది కాబట్టి బతుకుతాడు. అది నిజమైన బరువున్న గోడ, చుట్టూ మిగిలింది కొన్ని అంగుళాలే. ఆ సీన్ దగ్గర నా వేళ్లు వాటంతటవే ఆగిపోయాయి. గది నిశ్శబ్దమైపోయింది. గోడ పడ్డాక ఎవరో ఊపిరి వదిలిన శబ్దం నాకు వినపడింది. ఎక్కడ వాయించకూడదో నాకు ఆ రోజే తెలిసింది.

ఇంతకీ మీ కాపీకి ఎవరో ఏదో ఒక పియానో రికార్డు తగిలించి ఉంటారు. అలాంటిది ఎదురైతే మొహమాటం లేకుండా శబ్దం ఆపేయండి. సంబంధం లేని సంగీతం కంటే ఏ సంగీతమూ లేకపోవడమే మేలు.

చూపులమాట
ఆదివారం ఉదయం

శబ్దం ఆపేసి చూడటం గురించి నేను చెప్పగలను. నాకు పుట్టినప్పటి నుంచి వినపడదు.

మీ అందరికీ మూకీ ఒక పాత పద్ధతి. నాకు అది పక్కవాళ్లతో సమానంగా కూర్చుని చూడగలిగిన సినిమా. 1927లో ‘ద జాజ్ సింగర్’ విజయం తర్వాత రెండు మూడేళ్లలో అమెరికాలో మూకీలు దాదాపు ఆగిపోయాయి. మీకు అది సినిమాకు మాట వచ్చిన రోజు. వినపడని వాళ్లకు మాత్రం తలుపు మూసుకున్న రోజు. మాటలు రాసి చూపించే టైటిల్ కార్డులు పోయాయి, వాటి బదులు ఏమీ రాలేదు. తెర మీద సబ్‌టైటిళ్లు అందరికీ మామూలయ్యేసరికి ఎన్నో తరాలు గడిచిపోయాయి.

అప్పట్లో పెదవుల కదలిక చదవగలిగిన వాళ్లకు కార్డు మీద లేనివి కూడా తెలిసిపోయేవి. 1926లో వచ్చిన ‘వాట్ ప్రైస్ గ్లోరీ’లో సైనికులు తిట్టుకునే బూతులు కార్డుల్లో లేవు, పెదవుల మీద ఉన్నాయి. దాని మీద ఫిర్యాదులు వెళ్లాయి.

ఇంకొక పేరు చెప్తాను, గుర్తుపెట్టుకోండి. గ్రాన్‌విల్ రెడ్‌మండ్. పసితనంలోనే వినికిడి పోయిన చిత్రకారుడు, చాప్లిన్‌కు స్నేహితుడు. చాప్లిన్ తన స్టూడియో ఆవరణలోనే అతనికి బొమ్మలు వేసుకోవడానికి చోటిచ్చాడు. ‘సిటీ లైట్స్’లో శిల్పి వేషం వేసింది ఆయనే. నేను ఆ సినిమా చూసినప్పుడల్లా ఆ కొద్ది క్షణాల కోసం ఎదురుచూస్తాను.

తొలిపొద్దు
ఆదివారం మధ్యాహ్నం

చూపులమాట గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను ఈ వైపు నుంచి ఎప్పుడూ ఆలోచించలేదు. థాంక్స్ అన్నది చిన్న మాట.

కత్తెరబల్ల
ఆదివారం మధ్యాహ్నం

నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. సినిమా 1928 నాటికి సంపూర్ణమైన కళ. మూర్నౌ 1924లో ‘ద లాస్ట్ లాఫ్’ తీశాడు. ఒక హోటల్ గుమ్మం దగ్గరి ముసలి ఉద్యోగి యూనిఫాం పోగొట్టుకున్న కథ. కథంతా నడిపేది కెమెరానే, టైటిల్ కార్డులు దాదాపు లేవు. 1927లో ‘సన్‌రైజ్’. అదే ఏడాది ఆబెల్ గాన్స్ ‘నెపోలియన్’ చివరి భాగాన్ని మూడు తెరల మీద పక్కపక్కనే చూపించాడు. అటు ఐసెన్‌స్టైన్ ‘బ్యాటిల్‌షిప్ పోటెమ్‌కిన్’లోని ఒడెస్సా మెట్ల సీన్‌లో రెండు షాట్లు ఢీకొంటే మూడో అర్థం పుడుతుందని చూపించాడు. అంత దూరం వచ్చాక మైకు వచ్చింది. కెమెరా మోత వినపడకుండా దాన్ని గాలి ఆడని పెట్టెలో పెట్టి తాళం వేశారు. నటులు పూలకుండీలో దాచిన మైకు చుట్టూ నిలబడి మాట్లాడుకున్నారు. 1929 ప్రాంతపు సినిమాలు వరసగా చూస్తే ఎంత వెనక్కి వెళ్లామో తెలుస్తుంది. తొలిపొద్దు గారు 50ల నుంచి వెనక్కి వస్తున్నారు కాబట్టి చెప్తున్నా, మీరు ప్రేమించే సినిమాలన్నీ ఆ పోగొట్టుకున్నదాన్ని మళ్లీ వెతుక్కుంటూ వచ్చినవే.

లాంతరు
ఆదివారం సాయంత్రం

కత్తెరబల్లా, నీ ప్రేమ నాకు తెలుసు, కానీ సగమే ఒప్పుకుంటాను. కెమెరాను పెట్టెలో పెట్టిన మాట నిజం. అది ఎన్నాళ్లు? రెండు మూడేళ్లు. 1931లో ఫ్రిట్జ్ లాంగ్ ‘ఎం’ తీశాడు. పిల్లల్ని చంపేవాడు తెర మీదికి రాకముందే అతని ఈల వినపడుతుంది. గ్రీగ్ బాణీ అది. అతన్ని పట్టించేది కూడా ఆ ఈలే, అదీ చూపు లేని ఒక బెలూన్ల వ్యాపారి చెవికి. ఆ హంతకుడి వేషం వేసిన పీటర్ లొరేకు ఈల వెయ్యడం రాకపోతే లాంగ్ స్వయంగా వేశాడు. ఇది మూకీలో సాధ్యమా? తల్లి బిడ్డను పేరు పెట్టి పిలుస్తూ ఉంటుంది, తెర మీద ఖాళీ మెట్లు, భోజనం బల్ల మీద ఖాళీ పళ్లెం. శబ్దం ఒకచోట, బొమ్మ ఇంకోచోట. నువ్వు చెప్పిన రెండు షాట్ల ఢీకొట్టడమే ఇది, ఒకటి చెవికి, ఒకటి కంటికి.

హిచ్‌కాక్ 1929లో ‘బ్లాక్‌మెయిల్’ను మొదట మూకీగా మొదలుపెట్టి, తర్వాత టాకీ కూడా చేశాడు. రెండూ దొరుకుతాయి. టాకీలో, హత్య చేసి వచ్చిన అమ్మాయి ముందు పొరుగావిడ వాగుతూ ఉంటే మాటలన్నీ అస్పష్టమైపోయి, కత్తి అన్న ఒక్క మాట మాత్రం పదే పదే గుచ్చుకుంటుంది. రెండూ పక్కపక్కన చూస్తే ఏం పోయిందో, ఏం వచ్చిందో కూడా తెలుస్తుంది.

అందరూ ఒకేసారి మారనూ లేదు. జపాన్‌లో తెర పక్కన నిలబడి కథ చెప్పే బెన్షిలకు సొంత అభిమానులు ఉండేవాళ్లు. అక్కడ మూకీలు 30ల మధ్య వరకూ వచ్చాయి. దర్శకుడు ఓజు మొదటి టాకీ 1936లో. అప్పటికి ఆయన ‘ఐ వజ్ బోర్న్, బట్’ లాంటి మూకీలు ఎన్నో తీసేశాడు. తొలిపొద్దు గారు ఆయన తర్వాత తీసిన ‘టోక్యో స్టోరీ’ చూసే ఉంటారు. మాట ఆగిపోయాక కూడా షాట్ కాసేపు అలాగే నిలుస్తుంది కదా, అది మూకీల్లో పదేళ్లు పనిచేసిన మనిషికి అబ్బిన ఓర్పు అని నేను నమ్ముతాను.

కత్తెరబల్ల
ఆదివారం సాయంత్రం

‘ఎం’ విషయంలో ఒప్పుకుంటున్నాను. అందులో పెద్ద భాగాలు ఏ శబ్దమూ లేకుండా నడుస్తాయని మాత్రం గుర్తుచేస్తాను. శబ్దం విలువ తెలిసినవాడు మూకీ నుంచి వచ్చినవాడే.

నీడలబొమ్మ
ఆదివారం రాత్రి

ఇంత మంచి చర్చలో ఇప్పటిదాకా ఒక్క దర్శకురాలి పేరు రాలేదు. అలీస్ గీ 1896లోనే కథాచిత్రాలు తీయడం మొదలుపెట్టింది. లూమియేర్ సోదరులు పారిస్‌లో టికెట్టు పెట్టి సినిమా చూపించింది 1895 డిసెంబరు 28న. అంటే సినిమా పుట్టిన మరుసటి ఏడే. తర్వాత అమెరికా వెళ్లి 1910లో సొంతంగా సొలాక్స్ స్టూడియో పెట్టింది. ఆమె తీసినవి కొన్ని చాలాకాలం వేరేవాళ్ల ఖాతాలో పడ్డాయి.

ఇక నాకు ప్రాణమైన లోటె రైనిగర్. నల్ల కాగితాన్ని కత్తెరతో కత్తిరించి, కీళ్లు పెట్టి, గాజు బల్ల మీద పరిచి, కింద నుంచి వెలుగు వేసి, ఒక్కో ఫ్రేముకు ఇంతింత జరుపుతూ ‘ప్రిన్స్ అహ్మద్’ సాహసాలు తీసింది. మూడేళ్లు పట్టింది, 1926లో విడుదలైంది. ఇప్పటికి మిగిలి ఉన్న పూర్తినిడివి యానిమేషన్ సినిమాల్లో అన్నిటికంటే పాతది అదే. నేను తోలుబొమ్మలాట చూసి పెరిగినదాన్ని. మొదటిసారి ఆ నీడలు కదలడం చూసినప్పుడు తెర వెనక మనిషి చెయ్యి కనిపిస్తుందేమోనని ముందుకు వంగి చూశాను. ముఖంలో కళ్లూ ముక్కూ ఏమీ ఉండవు, అయినా మెడ వంపులోనే సిగ్గూ దుఃఖమూ తెలిసిపోతాయి.

ఇంకొక విషయం. గొప్పవి చూడాలని పాత జాబితాలు తిరగేస్తే గ్రిఫిత్ 1915 సినిమా ‘ద బర్త్ ఆఫ్ ఎ నేషన్’ కనపడుతుంది. ఎడిటింగ్‌లో దాని స్థానం అలా ఉంచండి, అది నల్లజాతి వాళ్ల మీద విషం చిమ్మిన సినిమా. తెల్లజాతి దురహంకార ముఠా కు క్లక్స్ క్లాన్‌ను వీరులుగా చూపించింది, ఆ ముఠా మళ్లీ లేవడానికి ఊతమిచ్చింది. దాని జోలికి వెళ్లేవాళ్లు ఆస్కర్ మిషో 1920లో తీసిన ‘వితిన్ అవర్ గేట్స్’ కూడా తప్పకుండా చూడాలి. నల్లజాతి దర్శకుడు, తన వాళ్ల మీద జరిగిన హత్యాకాండను తెర మీద పెట్టాడు. ఆ సినిమా పూర్తిగా పోయిందనుకున్నారు. దశాబ్దాల తర్వాత ఒకే ఒక్క ప్రింటు స్పెయిన్‌లో దొరికింది, కార్డులు దాదాపు అన్నీ స్పానిష్‌లో. గ్రిఫిత్‌వి ఎక్కువ భాగం భద్రంగా మిగిలాయి, మిషోవి చాలావరకు పోయాయి. ఏది మిగలాలో ఎవరు నిర్ణయించారన్నది నన్ను వదలని ప్రశ్న.

రీలుపెట్టె
ఆదివారం రాత్రి

నీడలబొమ్మ గారి ప్రశ్న నా పనిలో రోజూ ఎదురయ్యేదే. పాత రీళ్లు శుభ్రం చేసి స్కాన్ చేయడం నా వృత్తి.

అప్పటి ఫిల్ము నైట్రేట్. అంటుకుంటే ఆరదు, నీళ్లలో ముంచినా మండుతుంది. 1937లో న్యూజెర్సీలో ఫాక్స్ కంపెనీ రీళ్లు దాచిన గోదాం తగలబడి, ఆ సంస్థ మూకీల్లో అత్యధికం ఒక్క రోజులో పోయాయి. అంటుకోకపోయినా అది తనంతట తానే కుళ్లి, ముందు జిగురై, తర్వాత గోధుమరంగు పొడి అవుతుంది. దాని తర్వాత వచ్చిన ఎసిటేట్ ఫిల్ము మండదు కానీ, పాడైతే వెనిగర్ వాసన వేస్తుంది. డబ్బా మూత తీయగానే ఆ వాసన గుప్పుమంటే మేమంతా ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం. ఇవన్నీ ఒక ఎత్తు, టాకీలు వచ్చాక ఇక వీటితో పనేముందని వెండి కోసం కరిగించినవి మరో ఎత్తు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో లెక్క తేల్చింది. అక్కడ తీసిన దాదాపు 11,000 పూర్తినిడివి మూకీల్లో 70 శాతం లేవు. విడుదలైన రూపంలోనే పూర్తిగా మిగిలినవి 14 శాతం.

కానీ దొరికిన కథలు కూడా ఉన్నాయి. డ్రెయర్ 1928 నాటి ‘ద ప్యాషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్’ నెగటివ్ కాలిపోయింది. మిగిలిన వేరే షాట్లతో మళ్లీ కూర్చిన రెండోదీ కాలిపోయింది. యాభై ఏళ్లకు పైగా ముక్కలు చేసిన కాపీలే లోకం చూసింది. 1981లో నార్వేలో ఒక మానసిక వైద్యశాల అల్మరాలో డబ్బాలు కనపడ్డాయి. తెరిస్తే మొదటి ప్రతి నుంచి తీసిన ప్రింటు. ‘మెట్రోపోలిస్’లో కోసేసిన భాగాలు 2008లో బ్యూనస్ ఐరిస్ ఫిల్మ్ మ్యూజియంలో 16 మిల్లీమీటర్ల కాపీలో దొరికాయి. ఎనభై ఏళ్లు ఎవరూ చూడని పాతిక నిమిషాలు. ఆ భాగాలు ఇప్పటికీ గీతలతో వానలో తడిసినట్టు ఉంటాయి. ఆ గీతలు చూసినప్పుడు నాకు విసుగు రాదు, ప్రాణంతో బయటపడ్డ మనిషి ఒంటి మీద మచ్చల్లా కనపడతాయి.

ఎనభైఎనిమిది_మెట్లు
సోమవారం ఉదయం

జోన్ సినిమా గురించి ఒక్క మాట. జోన్‌గా నటించిన ఫాల్కొనెట్టి ముఖానికి మేకప్ లేదు. అంతకుముందు వాడిన ఫిల్ముకు ఎరుపు పట్టేది కాదు, చర్మం మచ్చలుగా నల్లబడేది. అందుకే పాత మూకీల్లో అంత దట్టంగా తెల్లరంగు పూసేవాళ్లు. డ్రెయర్ అన్ని రంగులూ పట్టే కొత్త ఫిల్ము తీసుకుని, పెదవి పగులు, కనురెప్ప మీద తడి, అన్నీ కనపడేలా తీశాడు. ఆ సినిమాకు నేను ఇంతవరకూ వాయించలేదు. మూడుసార్లు కూర్చుని మూడుసార్లు లేచాను.

తొలిపొద్దు
మంగళవారం రాత్రి

చూశాను. రీలుపెట్టె గారు చెప్పిన ప్రతి, ఎర్డ్‌మన్ సంగీతంతో, లైట్లన్నీ ఆర్పేసి, ఫోన్ వేరే గదిలో పెట్టి.

ఏం చెప్పను? అదే సీన్, అదే వీధి, అదే శవపేటిక. కానీ నీలం. ఊరంతా నిద్రపోతున్న నీలం. అతను ఒక్కడే దాన్ని మోసుకుంటూ తనకు కావలసిన ఇల్లు వెతుక్కుంటూ వెళ్తుంటే, భయంతో పాటు జాలి లాంటిది ఒకటి కలిగింది, అది నేను ఊహించనిది. గుర్రబ్బండి దగ్గర ఒళ్లు నిజంగానే జలదరించింది. ఇక చివర్లో కథానాయిక ఎలెన్ అతన్ని తెల్లవారేదాకా తన దగ్గరే ఆపుతుంది. కోడి కూస్తుంది. మూకీలో కోడి కూత! అది నోరు తెరవగానే అతను తల తిప్పుతాడు. నాకు ఆ కూత వినపడింది, ప్రమాణం చేసి చెప్తున్నా. అప్పటిదాకా ఉన్న నీలం పోయి గదిలోకి వేరే వెలుగు వస్తుంది. మొన్నటి కాపీలో ఇక్కడిదాకా వచ్చినా నాకు ఏదీ తెలిసేది కాదు.

ఒక ఇబ్బంది మాత్రం చెప్పాలి. మధ్యలో ఒకట్రెండు చోట్ల నటన నాకు ఇంకా అతిగా అనిపించింది. ముఖ్యంగా ఎలెన్ భర్త హట్టర్ నవ్వులు.

లాంతరు
మంగళవారం రాత్రి

అది ఇబ్బందేమీ కాదు. అన్నీ మెచ్చుకోవాలని ఎవరూ చెప్పలేదు. రంగస్థలం నుంచి వచ్చిన నటులు ఎక్కువ, వెనక వరసకు కూడా తెలియాలన్న అలవాటు కొందరికి పోలేదు. అదే కాలంలో కీటన్‌ను చూడండి, ముఖంలో ఒక్క కండరం కదలదు. మూకీ నటన అంతా ఒకే రకం కాదని తెలియడానికి ఆయన రెండు సినిమాలు చాలు. ‘షెర్లాక్ జూనియర్’తో మొదలుపెట్టండి, ముప్పావుగంటే.

చూపులమాట
బుధవారం ఉదయం

కోడి కూత వినపడిందన్నారు కదా. నాకు కూడా వినపడుతుంది, నా పద్ధతిలో. ఆ తల తిప్పడంలో.

తొలిపొద్దు
బుధవారం ఉదయం

అయితే తర్వాతిది ‘సిటీ లైట్స్’. 1931, టాకీలు వచ్చి మూడేళ్లు దాటాక కూడా చాప్లిన్ మాట లేకుండానే తీశాడని తెలుసు. ఆదివారం ఖాళీ పెట్టుకున్నాను. చూపులమాట గారూ, దాన్ని మొదట శబ్దం పూర్తిగా ఆపేసి చూడనా? మీరు చూసినట్టు చూడాలని ఉంది.

చూపులమాట
బుధవారం మధ్యాహ్నం

వద్దండీ. దానికి సంగీతం కూర్చింది చాప్లినే. మొదటిసారి అది వింటూ చూడండి, ఎలా ఉంటుందో తర్వాత నాకు రాసి చెప్పండి. రెండోసారి శబ్దం ఆపేయండి. అప్పుడు చివరి సీన్‌లో ఆ అమ్మాయి చేతిని చూడండి, ముఖాన్ని కాదు. ఆ రెండోసారి ఎప్పుడు చూస్తారో చెప్తే, అదే సమయానికి నేను కూడా ఇక్కడ పెట్టుకుంటాను.